ఏడుపులో రెండో గీత

వేటకని గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన మగవాళ్లకి ఊరి సంగతులన్నీ ఫోన్లలోనే అందుతాయి. పడవ నడిసముద్రంలో ఉన్నన్నాళ్లూ సిగ్నల్ ఉండదు. రేవు కనపడగానే జేబుల్లో ఫోన్లు వరసగా మోగడం మొదలుపెడతాయి. ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరి అత్త మంచం పట్టిందో, అన్నీ మూటగట్టినట్టు ఒకేసారి వచ్చి మీద పడతాయి.

కామేశుకి కూతురు పుట్టిందన్న కబురు కూడా అలాగే అందింది. అతనిది శ్రీకాకుళం జిల్లాలో, ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న దిబ్బలమొగ అనే చిన్న జాలరిపల్లె. భార్య నూకరత్నం పాప ఏడ్చినప్పుడల్లా ఫోన్ దాని మొహం దగ్గర పెట్టి రికార్డు చేసి అతనికి పంపేది. చివర్లో తన గొంతు కలిపేది. "నీ కూతురు పిలస్తంది మావా, ఇనుకో." ఫొటోలు కూడా పంపింది గాని కామేశుకి ఆ ఏడుపంటేనే ఇష్టం. పడవలో తోటి కళాసీలందరికీ వినిపించాడు. ఇంజన్ చప్పుడు కన్నా గట్టిగా ఉందే అని వాళ్లు నవ్వారు.

ఆ తరవాతి వేట ముగించుకుని ఒడ్డుకి చేరినప్పుడు మెసేజ్‌లు ఇంకా ఎక్కువ వచ్చాయి. రేవు గట్టు మీద కూర్చుని ఒకదాని తరవాత ఒకటి వింటూ పోయాడు. ఏడుపు, మళ్లీ ఏడుపు, మధ్యలో నూకరత్నం జోకొట్టడం. చివరి మెసేజ్ ఆమెది కాదు, ఆమె తమ్ముడిది. పాప పోయిందని. అప్పటికే మట్టి కూడా చేసేశారు.

పాపకి పురుడైనా తీరలేదు. పుట్టుకతోనే గుండె నుంచి వెళ్లే పెద్ద నాళం ఒకచోట ఇరుకైపోయి ఉందట. తల్లి కడుపులో పనిచేసిన అడ్డదారి ఒకటి పుట్టాక కూడా కొద్దికాలం తెరుచుకునే ఉంటుంది కాబట్టి పిల్ల బాగానే ఉన్నట్టు కనిపించింది. అది మూసుకుపోయేసరికి శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు ఫణీంద్ర దగ్గరకి తీసుకెళ్లినా ఆయన చేయగలిగింది మిగల్లేదు. పాప ఏడుపులున్న ఫోన్ ఇంట్లో ఉంటే నిద్ర పట్టక నూకరత్నం దాన్ని తమ్ముడికి ఇచ్చేసింది. అతను అన్నీ చెరిపేసి వాడుకుంటున్నాడు.

*

విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయపు ధ్వని ప్రయోగశాలలో పనిచేసే హైమావతి ఏడాది తరవాత దిబ్బలమొగ వచ్చింది. ఆమె డాక్టరు కాదు, ధ్వనిశాస్త్రంలో పరిశోధకురాలు. డాక్టర్ ఫణీంద్ర మాటల మధ్యలో, ఒక తల్లి బిడ్డ ఏడుపునంతా మొగుడికి పంపేదని చెప్పగా వెతుక్కుంటూ వచ్చింది.

సముద్రంలో వేట నిషేధించిన కాలం అది. పడవలన్నీ ఇసకలో పడుకుని ఉన్నాయి. వెరావల్ నుంచి వచ్చిన కామేశు వేపచెట్టు నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. నూకరత్నం వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"మీ పాప ఏడుపు రికార్డు చేశారట కదమ్మా. అవి ఇంకా ఉన్నాయా?" అంది హైమ, ఎలా మొదలుపెట్టాలో తెలియక.

నూకరత్నం చెయ్యి ఆగిపోయింది. "నేవు మేడం. ఆ ఫోనే నేదు. ఏల?"

హైమ తన ఫోన్ తీసి తెరిచింది. "ఏదైనా ఒక మాట అనండి."

"ఏటనాలి?"

నల్లటి తెర మీద మెట్లలాగా ఒకదాని మీద ఒకటి ఆకుపచ్చ గీతలు లేచాయి.

"ఇది మీ గొంతు. గొంతులో తంత్రులు సెకనుకి ఎన్నిసార్లు కదిలితే అంత ఎత్తున ఈ అడుగు గీత పడుతుంది. దాన్నే ఫ్రీక్వెన్సీ అంటాం. పైవన్నీ దాన్నుంచి పుట్టేవే. పసిపిల్లల ఏడుపులో కూడా అడుగున ఒకటే గీత ఉండాలి. ఇప్పుడిది చూడండి."

తెర మీద ఒక పసిబిడ్డ ఏడుపు నడిచింది. అడుగు గీతని అంటిపెట్టుకుని, నీడలాగా, ఇంకో సన్నగీత ఉంది.

"మన గొంతులో తంత్రులు రెండు. ఎడమదాన్ని కదిలించే నరం తిన్నగా గొంతుకి రాదమ్మా. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద నాళం కింద చుట్టు తిరిగి పైకొస్తుంది. ఆ నాళంలో తేడా ఉంటే నరం నలుగుతుంది. అప్పుడు ఎడమ తంత్రి కుడిదాని కన్నా వెంట్రుకవాసి నెమ్మదిగా ఆడుతుంది. మన చెవికి రెండూ ఒకటే. ఫోన్ మాత్రం విడదీసి చూపిస్తుంది."

కామేశు వల వదిలేసి ఎప్పుడు వచ్చాడో, వెనక నుంచి అడిగాడు. "ఇదంతా మీకు తెలిసిపోయినాక ఇంక మా పిల్లతోటి పనేటి?"

"ఈ ఏడుపు అదే జబ్బున్న ఒక బాబుదండీ. వాడి దగ్గరకి నేను వెళ్లేసరికే ఒళ్లు నీలంగా మారిపోయింది. అప్పుడు ఫోన్ చెప్పేదేముంది, చూస్తేనే తెలుస్తోంది. ఒళ్లు ఎర్రగా, ఆరోగ్యంగా కనపడే రోజుల్లో ఈ రెండో గీత ఉంటుందా, ఉంటే ఎంత సన్నగా ఉంటుంది, అది నాకు తెలియాలి. పుట్టిన దగ్గర్నుంచి చివరిదాకా ఏడుపు రికార్డు చేసిన తల్లి నాకు మీరొక్కరే దొరికారు."

కామేశు జేబులోని ఫోన్ తడుముకున్నాడు. "నా కాడున్నాయి" అన్నాడు.

నూకరత్నం తలెత్తింది. "ఏటున్నాయి?"

"అన్నీ. ఒక్కటీ సెరపనేదు."

"మరి నాకు సెప్పనేదేటి?"

"నువ్వు ఫోనే ఇచ్చీసినావు. ఇంక ఇన్నేవనుకున్నాను."

కామేశు హైమ వైపు తిరిగాడు. "ఉన్నాయి గానీ ఇయ్యను మేడం. ఒక మాట అడగతాను, నిజం సెప్పండి. ఆ గీత మొదట్లోనే ఉండి, అప్పుడే మాకు తెలిస్తే, పిల్ల బతికీదా?"

దాటవేయడానికి మాటలున్నా హైమ దాటవేయలేదు. "బతికే అవకాశం చాలా ఉండేది" అంది.

"సూసినారా. ఇప్పుడైతే దేవుడు తీసుకెళ్లిపోనాడు అనుకుని తిరుగుతన్నాం. మీ మిషనీలో ఎట్టి, మొదట్లోనే ఉన్నాదని మీరు సెప్తే, రేపట్నించి మేవేటనుకోవాల?"

హైమ ఫోన్ నెంబరు ఇచ్చి, మంచినీళ్లు తాగి, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

*

ఆ సాయంత్రం కామేశు పడవ పక్కన కూర్చుని ఉంటే నూకరత్నం వచ్చి పక్కన కూలబడింది.

"ఎట్టు" అంది.

"ఏటి?"

"పిల్లది. ఎట్టు, ఇంటాను."

అతను ఫోన్ తీశాడు. మొట్టమొదటి మెసేజ్ పెట్టాడు. సముద్రం హోరులో ఏడుపు సరిగా వినపడక ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకున్నారు. పాప ఏడుస్తోంది. ఇనుకో మావా అంటోంది నూకరత్నం, ఏడాది కిందటి గొంతుతో, నవ్వుతూ. అలా నవ్వడం ఆమె మరిచిపోయింది.

"రోజూ ఇంటావా?"

"పడవలో ఉంటే రోజూ. ఇక్కడైతే నీకు ఇనపడతాదని మానేసినాను."

మెసేజ్ అయిపోయాక ఆమె అంది. "మావా, నాకొక సంగతి మనసులో తిరగతంది. ఎవులికీ సెప్పనేదు. పక్కన పడుకున్నదాన్ని, పాలిచ్చినదాన్ని, దాని ఏడుపులో తేడా నాకెలగ తెలీకుండా పోనాది? నాను సరిగ్గా ఇన్నేదేటో అని."

కామేశు తల అడ్డంగా ఊపాడు.

"ఆ మేడం దగ్గరికి ఎళ్దాం. ఏటొస్తే అదొస్తాది. ఇంకో తల్లికి తెలిసీ దారి మన జేబులో ఎట్టుకుని తిరగలేను."

*

ప్రయోగశాలలో చప్పుడు లేని గది ఒకటి ఉంది. గోడలన్నీ మెత్తటి స్పాంజి గుబ్బలు. తలుపు వేస్తే తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తుంది. నూకరత్నం అక్కడ కూర్చుంది. హైమ ఎదురుగా కూర్చుని, ముందే క్షమించమని అడిగింది.

"ఏ ఏడుపు దేనికోసమో యంత్రానికి తెలియదమ్మా. ఆకలికీ, చలికీ, నిద్రకీ కూడా గొంతు మారుతుంది. ఆ మార్పునీ జబ్బు తెచ్చే మార్పునీ విడదీయాలంటే మీరు విని చెప్పాలి. వద్దనిపిస్తే ఎక్కడైనా ఆపేద్దాం."

"ఎట్టండి మేడం."

యంత్రం ముందు ఒక్కొక్క చప్పుడూ తీసేసింది. సముద్రం హోరు పోయింది. పక్కింటి టీవీ పోయింది. వీధిలో ఉప్పు అమ్మేవాడి కేక పోయింది. చివరికి పాప ఒక్కతే మిగిలింది. ఇంత స్పష్టంగా, ఏ అడ్డమూ లేకుండా, నూకరత్నం కూతురి గొంతు ఎప్పుడూ వినలేదు.

"ఇది ఆకలికి" అంది. తరవాతి దానికి, "ఇది నీళ్లోసినాక. ఒణుకుతాది." ఇంకోదానికి కాస్త ఆలోచించి, "ఇది ఉత్తినే. నాను కనపడనేదని" అంది. ఒకచోట పాప ఏడుపు మీద ఆమె గొంతే వినిపించింది. వచ్చీనానమ్మా, వచ్చీనాను. నూకరత్నం కళ్లు మూసుకుంది. హైమ ఆపబోతే చెయ్యి పట్టుకుని వద్దంది.

బయట బెంచీ మీద కూర్చోలేక కామేశు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. గోడవారగా నేలమీద కూర్చున్నాడు. మిగతావన్నీ ముగ్గురూ కలిసే విన్నారు.

లెక్క తేలడానికి మధ్యాహ్నం దాటింది. హైమ తెర వాళ్ల వైపు తిప్పింది.

"ఉంది. పుట్టిన మర్నాటి ఏడుపులోనే ఉంది."

కామేశు లేచి బయటికి వెళ్లిపోయాడు. వరండా చివర కిటికీ దగ్గర నిలబడ్డాడు. నూకరత్నం కదలకుండా కూర్చుంది. ఈ పని మొదలుపెట్టకుండా ఉంటే బాగుండేదని హైమకి ఆ క్షణాన అనిపించింది. రేపట్నించి మేవేటనుకోవాల అని దిబ్బలమొగలో అతను అడిగింది గుర్తొచ్చింది.

అతనే తిరిగి వచ్చాడు. "మేడం, అదెంత సన్నగా ఉన్నాదో ఒకసారి సూపించండి."

హైమ గీతని పెద్దది చేసింది. సరిపోలేదు. ఇంకా పెద్దది చేసింది. అప్పటికి గాని ఆ రెండో గీత విడివడి కనిపించలేదు.

"ఇది మనిషి సెవికి అందుతాదా?"

"అందదండీ. ఎవరి చెవికీ అందదు. సంగీతం నేర్చినవాళ్లకైనా సరే. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నాకూ వినపడలేదు."

కామేశు భార్య ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇన్నావా నూకా. ఇది ఇనపడీది కాదు. నువ్వు సరిగ్గానే ఇన్నావు. అన్నీ సరిగ్గానే ఇన్నావు, ఇప్పుడు సెప్పినావు కదా ఏది ఆకలో, ఏది సలో."

నూకరత్నం అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా గుండెలో గడ్డకట్టినదేదో కరిగినట్టు, పెద్దగా, ఆగకుండా ఏడ్చింది. హైమ గది తలుపు దగ్గరగా వేసి వాళ్లిద్దర్నీ వదిలేసి వెళ్లింది. మళ్లీ ఆమె వచ్చేసరికి నూకరత్నం మొహం కడుక్కుని కూర్చుని ఉంది. "మంచిపని సేసినారు మేడం" అంది. ఆ మాట తను అనవలసింది కదా అనుకుంది హైమ.

*

వానాకాలం సగమయ్యేసరికి ఆ పరీక్ష జిల్లాలో కొన్ని ప్రసూతి ఆసుపత్రుల నర్సుల ఫోన్లలోకి చేరింది. బిడ్డని ఇంటికి పంపేముందు కాసేపు ఏడుపు వినిపిస్తే చాలు. చాలాకాలం ఒక్క గీతే వచ్చింది. నర్సులు కూడా దాన్నొక అలవాటుగా చేసేవారు.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే దమయంతికి కొడుకు పుట్టాడు. బిడ్డ ఎర్రగా, బొద్దుగా ఉన్నాడు. ఆటో వాకిట్లో ఆగి ఉంది. బట్ట మార్చేటప్పుడు వాడు కేరుమన్నాడు. నర్సు ఫోన్ దగ్గర పెట్టింది. గీత రెండుగా చీలింది.

డాక్టరు వచ్చి పిల్లాణ్ణి చూసింది. గుండె చప్పుడు బాగుంది, రంగు బాగుంది. విశాఖకి ఫోన్ చేసింది. "నాకేం తేడా కనపడటం లేదు హైమగారూ. మీ ఫోన్ మాట నమ్మి బాలింతని అంతదూరం పంపమంటారా?"

ఆ యంత్రానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఏడుపులు వేలకొద్దీ తెలుసు. ఆపద ముందుగా ఎలా ఉంటుందో మాత్రం ఒకే ఒక్క పిల్ల నేర్పింది. అది పొరపడితే ఒక పచ్చి బాలింత ఊరికే అంబులెన్సులో నలిగిపోతుంది. పలాస నుంచి వచ్చిన గీతని హైమ తెర మీద చూసింది. ఆ సన్నదనం ఆమెకి తెలుసు. "పంపించండి డాక్టర్. ఏమీ లేకపోతే ఆ మాట వాళ్లకి నేనే చెప్పి క్షమాపణ అడుగుతాను."

దమయంతి అత్తగారు ఒప్పుకోలేదు. "పిల్లడు సుబ్బరంగా పాలు తాగతన్నాడు. ఫోను సెప్పిందని ఆస్పత్రుల సుట్టూ తిప్పుతారేటి?"

దమయంతి బిడ్డ మొహంలోకి చూసింది. "అత్తా, ఏటీ నేదని తేలితే నవ్వుకుంటా ఇంటికొచ్చీద్దుం. పదండి" అంది.

విశాఖలో స్కానింగ్ చేశారు. గుండె నుంచి దిగే నాళం ఒకచోట నొక్కేసినట్టు ఇరుకుగా ఉంది. అడ్డదారి అప్పుడప్పుడే మూసుకోవడం మొదలుపెట్టింది. దాన్ని తెరిచి ఉంచే మందు వెంటనే సెలైన్‌లో ఎక్కించారు. ఆ వారంలోనే ఆపరేషన్ చేశారు. ఇంటికి తీసుకెళ్లి ఉంటే పిల్లాడు దక్కేవాడు కాదని సర్జన్ చెప్పినప్పుడు, దమయంతి అత్తగారు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

పిల్లాడు గండం గట్టెక్కాడని తెలిశాక హైమ దిబ్బలమొగకి ఫోన్ చేసింది. నూకరత్నం అంతా విని, "పాలు తాగతన్నాడా మేడం?" అని మాత్రం అడిగింది. తాగుతున్నాడని హైమ చెప్పింది. ఆ తరవాత నూకరత్నం సముద్రంలో ఉన్న భర్తకి మెసేజ్ పెట్టింది. "మావా, పలాసలో ఒక గుంటడు బతికినాడంట. మన పిల్ల పట్టించినాదంట." కామేశు పడవ వెరావల్ రేవుకి వచ్చాక అది విన్నాడు. కళాసీలందర్నీ పిలిచి మళ్లీ పెట్టాడు.

*

మళ్లీ వేసవికి, వేట ఆగిపోయి కామేశు ఇంటికొచ్చిన రోజుల్లో, దమయంతి దిబ్బలమొగ వచ్చింది. భర్త, అత్తగారు, పాకుతున్న కొడుకు, దారి చూపించడానికి హైమ. ముందుగా అడిగే వచ్చారు. అయినా వాళ్లు ఆటో దిగుతుంటే నూకరత్నం గుమ్మంలోంచి కదల్లేకపోయింది. పిల్లాణ్ణి చూస్తే తనకేమవుతుందో తనకే తెలియదు.

దమయంతి తిన్నగా వచ్చి పిల్లాణ్ణి ఆమె చేతుల్లో పెట్టింది. పిల్లాడు నూకరత్నం మెడలో పూసలదండ పట్టుకుని లాగాడు. బరువుగా, వెచ్చగా ఉన్నాడు. చొక్కా పక్కకి జరిగి కనపడుతున్న ఆపరేషన్ మచ్చ మీద ఆమె వేలితో మెల్లగా రాసింది.

"బరువున్నాడు" అంది.

"అల్లరి కూడా అంతే" అంది దమయంతి.

దమయంతి అత్తగారు కామేశు రెండు చేతులూ పట్టుకుంది. "మీ రునం ఎలగ తీర్సుకోవాల బాబూ."

"అలగనకండమ్మా. ఆడు తిరగతంటే మాకు సాలు" అన్నాడు కామేశు. ఆ మాట అనగలిగినందుకు అతనికే ఆశ్చర్యంగా ఉంది. వాళ్లు తెచ్చిన జీడిపప్పు పొట్లాలు వాకిట్లో చేరిన పిల్లలకి పంచిపెట్టాడు. నూకరత్నం చేపల పులుసు వండింది. అందరూ తిన్నారు. పిల్లాడు కామేశు ఒళ్లోనే నిద్రపోయాడు.

గిన్నెలు సర్దుతుంటే దమయంతి వెనకాలే వచ్చింది.

"అక్కా, ఒక మాట అడగనా. మీ పాప ఏ రోజు పుట్టినాది?"

నూకరత్నం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాప ఎప్పుడు పోయిందని, ఎలా పోయిందని అందరూ అడిగారు. ఎప్పుడు పుట్టిందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఉగాది ఎల్లిన మంగళారం. తెల్లారగట్ల" అంది. "ఏల?"

"ఆ రోజు మా ఇంట్ల కూడా పాయసం సేస్తాను. ఏటా సేస్తాను. మా బాబుకి పెద్దయినాక సెప్తాను, నీకొక అక్క ఉండీదిరా అని."

నూకరత్నం గరిటె కింద పెట్టింది. పెరట్లో అరుగు మీద కూర్చుని, దమయంతిని కూడా కూర్చోమంది. పాప గురించి చెప్పడం మొదలుపెట్టింది. తల నిండా జుట్టుతో పుట్టిందని, చెవులు అచ్చం తండ్రివని, బొటనవేలు కాదు చూపుడువేలు చప్పరించేదని, వాన చినుకు మీద పడితే ఏడుపు ఆపేసి ఆశ్చర్యంగా చూసేదని. చెబుతూ ఒకచోట నవ్వింది. లోపల హైమతో మాట్లాడుతున్న కామేశు ఆ నవ్వు విని మాట ఆపేశాడు.

పొద్దువాలాక వాళ్లు బయల్దేరారు. ఆటో ఎక్కబోతున్న హైమ చెయ్యి పట్టుకుని నూకరత్నం పక్కకి తీసుకెళ్లింది.

"మా పిల్ల పుట్టినట్టు ఈ ఊర్లోనే సగం మందికి గుర్తు నేదు మేడం" అంది. "ఇప్పుడు పలాసలో తెలుసు."